కోతలకు వెళ్ళే తల్లి, ఇంట్లో పసిబిడ్డ



కాన్పు వార్డులో మమ్మల్ని తరచుగా అడిగే మాట ఒకటుంది: "సిస్టర్, పాలు చాలడం లేదు, డబ్బా పాలు రాసిస్తారా?" బాలింత ఈ మాట అడగడం తక్కువ. పక్కన ఉన్నవారే అడుగుతారు. అందుకే ఈ పాఠం మీ కోసం.

కాన్పయిన గంటలోపు బిడ్డను రొమ్ముకు పట్టించాలి. ఆపరేషన్ అయిన తల్లి కూడా మెలకువగా ఉంటే పడుకునే పాలివ్వవచ్చు, మీరు బిడ్డను పట్టుకుంటే చాలు. మొదటి రెండు మూడు రోజుల ముర్రుపాలు కొద్దిగానే వస్తాయి. బిడ్డ కడుపు కూడా అంత చిన్నదే. పచ్చగా, చిక్కగా ఉన్నాయని పిండి పారబోయకండి, రోగాలను అడ్డుకునే శక్తి వాటిలోనే ఎక్కువ. పంచదార నీళ్ళు, ఆముదం, తేనె నాకించవద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె ప్రమాదకరం కూడా.

పాలు చాలుతున్నాయో లేదో ఏడుపును బట్టి తేల్చకండి. బిడ్డ ఉక్కకు ఏడుస్తుంది, ఎత్తుకోమనీ ఏడుస్తుంది. వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. బిడ్డ తాగేకొద్దీ పాలు ఊరతాయి. సీసా పట్టిన పూట రొమ్ము తాగదు, అలా రోజూ జరిగితే పాలు నిజంగానే తగ్గిపోతాయి. అప్పుడు "మేం ముందే చెప్పాం కదా" అంటారు పెద్దవాళ్ళు!

ఇక డబ్బా సంగతి. అందులో ఉండేది పొడి మాత్రమే. నీళ్ళు, పొయ్యి, కొలత, శుభ్రత మీరు సమకూర్చాలి. మూడు నెలల బిడ్డకు పూర్తిగా పోతపాలే పడితే రోజుకు సుమారు 100 గ్రాముల పొడి కావాలి. 400 గ్రాముల డబ్బా నాలుగు రోజులకు అయిపోతుంది. నెలకు ఏడెనిమిది డబ్బాలు! కూలి డబ్బులతో అది సాగదు గనుక, మెల్లగా పొడి తగ్గి నీళ్ళు పెరుగుతాయి. బిడ్డకు కడుపు నిండినట్టే ఉంటుంది, బరువు మాత్రం పెరగదు. గేదెపాలలో నీళ్ళు కలిపి పట్టడం ఇంకా మంచిది కాదు. ఏడాది లోపు బిడ్డకు అవి సరిపడవు, రక్తం తగ్గుతుంది.

నీళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కనిగిరి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని మీకు తెలుసు. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. ఆ నీళ్ళతో కలిపిన పాలే బిడ్డకు రోజంతా ఆహారం. తల్లి అదే నీళ్ళు తాగినా ఆమె పాలలోకి వచ్చే ఫ్లోరైడ్ చాలా తక్కువ. దేవుడు పెట్టిన వడపోత అని నేను అంటాను. మన ఎండల్లో కూడా ఆరు నెలల వరకు బిడ్డకు విడిగా నీళ్ళు అక్కరలేదు. తల్లిపాలలో నూటికి 87 పాళ్ళు నీరే.

అసలు చిక్కు పత్తితీతలు, మిరపకోతల దగ్గర వస్తుంది. కోతలు మొదలైతే మూడో నెల బాలింత కూడా చేలోకి పోతుంది, బిడ్డ నాయనమ్మ ఒడిలో ఉంటుంది. సీసా ఇంట్లోకి వచ్చేది అప్పుడే. దానికి బదులు తల్లి వెళ్ళేముందు చేతులు కడుక్కుని, మరిగించిన స్టీలు గిన్నెలోకి పాలు పిండి మూత పెట్టాలి. చలికాలంలో చల్లని చోట నాలుగు గంటలు ఉంటాయి. మార్చి, ఏప్రిల్ ఎండల్లో రెండు గంటలకు మించి బయట ఉంచవద్దు. ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచవచ్చు. పొయ్యి మీద కాచకండి, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి చలి విరగనివ్వండి. పాతకాలపు ఉగ్గుగిన్నెను మరిగించి దానితో పట్టండి. సీసాకంటే దాన్ని కడగడం తేలిక. చేను దగ్గరైతే మధ్యాహ్నం బిడ్డనే తీసుకువెళ్ళి నీడలో తాగించండి.

మిరప ఘాటు ఉత్త నీళ్ళకు వదలదు. తల్లి ముందు చేతులకు నూనె రాసి తుడుచుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. రవిక మార్చుకున్నాకే బిడ్డను తీసుకోవాలి. పురుగుమందు కలిపే పనికి, కొట్టే పనికి బాలింతను పంపనే వద్దు.

తండ్రులకు ఒక మాట. బైబిలులో హన్నా, సమూయేలు పాలు విడిచేవరకు షిలోహుకు వెళ్ళనన్నప్పుడు, ఎల్కానా ఆమెను బలవంతపెట్టలేదు, నీ ఇష్టప్రకారమే ఉండమన్నాడు. ఏటా కుటుంబమంతా కలిసి వెళ్ళే ఆరాధన అది! మీ ఇంట్లో ఒక కోత తప్పితే ఎంత నష్టమో, ఏడెనిమిది డబ్బాల ఖర్చు ఎంతో పక్కపక్కన వేసి చూడండి. ఆ డబ్బుతో తల్లికి పప్పు, గుడ్డు, ఆకుకూర పెట్టవచ్చు.

డబ్బా పాలు తప్పనిసరి అయ్యే సందర్భాలూ ఉన్నాయి. తల్లి లేని బిడ్డకు, క్యాన్సర్ మందులు ఎక్కించుకునే తల్లి బిడ్డకు అవి కావాలి. అటువంటి తల్లిని ఎవరూ నొప్పించకూడదు. హెచ్.ఐ.వి. ఉన్న తల్లి అయితే ఏ.ఆర్.టి. మందులు ఆపకుండా వాడుతూ ఆరు నెలలు తన పాలు మాత్రమే ఇవ్వాలని నేటి సలహా. రెండు రకాలూ కలిపి పట్టవద్దు. ఏ.ఆర్.టి. కేంద్రంలో తప్పక మాట్లాడండి. ఇక దుకాణంవాడు చెప్పాడని మాత్రం డబ్బా కొనకండి. పాలడబ్బాలకు ప్రకటనలు, ఉచిత సాంపిళ్ళు 1992 చట్టం ప్రకారం నిషేధం.

డాక్టరు రాసినవారు నీళ్ళు బాగా మరిగించి, దించిన అరగంటలోపు పొడి కలపాలి. గోరువెచ్చగా అయ్యాక పట్టాలి. బిడ్డ తాగగా మిగిలినవి పారబోయాలి. డబ్బాను, అందులోని కొలత చెంచాను వార్డుకు తీసుకురండి, మీ చేతే ఒకసారి కలిపించి చూస్తాం.