ఫోటో పెట్టేముందు రైతును అడిగారా?

ప్రశ్న: పశువైద్య కళాశాలలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. దూడ అడ్డం తిరిగి ఈనలేకపోతున్న గేదెకు మా సార్ ఆపరేషన్ చేస్తుంటే ఫోటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. రైతు ముఖం పడలేదు, పేరూ రాయలేదు. అయినా సార్ తీసేయమన్నారు. నేర్చుకున్నది నలుగురికీ చూపించడం తప్పా?

జవాబు: చూపించడం తప్పు కాదు, అడగకుండా చూపించడం తప్పు. గేదె చెవికి వేసిన పసుపు ట్యాగు ఫోటోలో పడిందేమో చూడండి. దాని మీది 12 అంకెల నంబరుతోనే యజమాని వివరాలు నమోదై ఉంటాయి. ట్యాగు కనబడకపోయినా ఊళ్ళోవాళ్ళు కొమ్ముల వంపు, నుదుటి మచ్చ చూసి ఫలానా వాళ్ళ గేదె అని ఇట్టే చెప్పేస్తారు. కడుపు కోసిన గేదె అని తెలిస్తే సంతలో బేరగాడు ధర తెగ్గోస్తాడు. మీకొచ్చిన లైకులు ఆ రైతు నష్టాన్ని పూడ్చవు.

పశువు అల్లాడుతున్నప్పుడు రైతు దేనికైనా సరేనంటాడు. దాన్ని అనుమతి అనుకోవద్దు. గేదె తేరుకుని మేత ముట్టాక, ఫోటో ఎక్కడ పెడతారో, ఎవరెవరు చూస్తారో అర్థమయ్యేలా చెప్పి అడగండి. వద్దంటే వదిలేయండి. ఊరి పేరు, తేదీ ఫోటో మీదే పడే కెమెరా యాప్‌లు అసలే వద్దు.

ప్రశ్న: పశువైద్య విద్యార్థులకు వృత్తి నియమావళి చదివి వినిపిస్తున్నాను. నోట్సు రాసుకుంటారు, మర్చిపోతారు. సోషల్ మీడియా గురించి ఎలా చెప్పాలి?

జవాబు: మన నియమావళి 1992 నాటిది, అప్పటికి చేతిలో కెమెరా ఫోన్లు లేవు. అందుకే చదివి వినిపిస్తే చాలదు, చిక్కు చేతికివ్వండి. ఉదాహరణకు, రాత్రి వాట్సాప్ గ్రూపులో చచ్చిన గొర్రె ఫోటో వచ్చింది, ముక్కులోంచి నల్లటి రక్తం కారుతోంది. ఏం రాస్తారో ప్రతి ఒక్కరినీ కాగితం మీద రాయమనండి. చాలామంది "దొమ్మ" (ఆంత్రాక్స్) అనే రాస్తారు. పరీక్షలో తేలకముందే ఆ మాట గ్రూపులో పడితే తెల్లారేసరికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ హడలిపోతాయి. అలాగని ఊరుకోవడమూ నేరమే. కళేబరాన్ని కోయొద్దని, ముట్టుకోవద్దని రైతుకు వెంటనే ఫోన్లో చెప్పాలి, స్థానిక పశువైద్యాధికారికి తెలపాలి. దొమ్మలాంటి రోగం అనుమానం వస్తే చాలు, అధికారులకు తెలియజేయాలని 2009 నాటి పశు అంటువ్యాధుల చట్టం చెబుతోంది.