ఆకాశమునుండి నీటి పరీక్ష

రాయపూరు చెరువుల నగరము. నడుమ దీవి గల బూఢా తాలాబు, తేలీబాంధా మొదలగు చెరువులు నగరములోనే యున్నవి. నగరమునకు త్రాగునీటి నిచ్చు ఖారూను నది శివనాథు నదిలోను, అది మహానదిలోను కలియును. మహానది ఒడిషామీదుగా బంగాళాఖాతమును చేరును. కావున ఒకచోట కలిసిన మురికి అచ్చటనే నిలిచియుండదు.

ఇంతటి జలరాశిని దినదినము సీసాలతో నీరు తెచ్చి పరీక్షించుట దుస్సాధ్యము. నేడు ఉపగ్రహములు ఈ పనికి తోడ్పడుచున్నవి. ఎట్లన, నీటిపై పడిన సూర్యకాంతిలో కొంతభాగము మరల పైకి పోవును. నిర్మలమైన లోతునీరు ఎరుపు కాంతిని పీల్చుకొనును. బురదనీరు దానిని వెనుకకు పంపును. పాచిలోని పత్రహరితము నీలి, ఎరుపు కాంతులను గ్రహించి ఆకుపచ్చ కాంతిని విడుచును. ఈ భేదములను ఉపగ్రహమునందలి యంత్రము కొలుచును.

2015, 2017 సంవత్సరములలో ఐరోపా దేశములవారు పంపిన సెంటినెల్-2 జంట, 10 మీటర్ల చదరమును వేరుగా గుర్తించుచు, 5 దినముల కొకమారు అదే చోటును చూచునట్లు ఏర్పరుపబడినది. 2022లో శ్రీహరికోటనుండి మన దేశము ప్రయోగించిన ఓషన్‌శాట్-3 సముద్రపు రంగును పరిశీలించును. దాని చూపు విశాలమగుటచే అది సముద్రమునకు తగును గాని ఊరి చెరువునకు తగదు.

మురుగులోని నత్రజని, భాస్వరములు పాచికి ఆహారము. చెరువులో ఒక మూల పచ్చదనము హఠాత్తుగా హెచ్చినచో మురుగు చేరుచున్నదేమోయని అనుమానింపవలెను. అధికారులు అచ్చటికే పోయి నీరు తెచ్చి పరీక్షింపవచ్చును. ఉపగ్రహము చోటు చూపును. నిర్ణయము చేయవలసినది ప్రయోగశాలయే. వర్షకాలమున మేఘము లడ్డుపడిన ఆ చూపును ఉండదు.

అంతకంటె ముఖ్యమైన లోపమొకటి కలదు. రోగక్రిములకు ఉపగ్రహము చూడదగిన రంగు లేదు. భూమిలోని పగిలిన గొట్టమును గాని, అందు చొరబడు మురుగును గాని అది చూడజాలదు. 2018లోను, 2020లోను రాయపూరులో కామెర్లు ప్రబలినవి. మురుగు కలిసిన నీటివలన వ్యాపించు కామెర్లలో హెపటైటిస్-ఇ గర్భిణీస్త్రీలకు ప్రాణాపాయము కలిగింపగలదు. అట్టి నీరు గ్లాసులో తేటగానే కనుపింపవచ్చును.

కావున తేటదనమును చూచి నీటిని నమ్మరాదు. అనుమానము కలిగినప్పుడు నీరు తెర్లిన పిదప ఒక నిమిషమైనను మరిగించి, మూతపెట్టి చల్లార్చి త్రాగవలెను. కుళాయినీటికి దుర్వాసన గాని రంగు గాని కలిగినచో వెంటనే పురపాలక కార్యాలయమునకు తెలుపవలెను. చెరువును ఆకాశమునుండి చూచు కన్ను కలదు; ఇంటి కుండను చూడవలసినది ఇంటివారే.