నిద్ర బిళ్ల

వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డున ఒక పాళెం. అక్కడ ఒక అక్క ఉంది. పెనిమిటి పడవ మీద వేటకు పోతాడు. గాలి లేచిన రాత్రి ఆమెకు నిద్ర పట్టేది కాదు. గుండె దడదడ కొట్టుకునేది. పైగా అప్పుల దిగులు.

పట్నంలో డాక్టరుకు చూపించుకుంది. "రాత్రి ఒక బిళ్ల వేసుకోమ్మా. పది రోజులే. మళ్లీ వచ్చి కనపడు" అన్నాడాయన.

బిళ్ల వేసుకుంటే హాయిగా నిద్ర పట్టింది. పది రోజులు అయినాయి. మళ్లీ పోతే బస్సు చార్జీ, ఒకరోజు కూలి దండగ అనుకుంది. పాత చీటీ చూపించి మందుల అంగట్లో కొనుక్కుంది. అంగడాయన ఏమీ అడగలేదు. ఏడాది గడిచింది. ఒక బిళ్ల చాలక రెండు అయినాయి. పగలు కూడా మత్తే. పొయ్యి మీద కూర మాడిపోయేది.

ఒకనాడు వదిన చూసింది. "ఏందమ్మే, ఇది లేకపోతే నిద్రే పోలేవా?" అని బిళ్లల అట్ట పొయ్యిలో వేసింది. మంచికే వేసింది, పాపం.

మూడో రోజుకు అక్క చేతులు వణికాయి. ఒళ్లంతా చెమటలు. కంటి మీద కునుకు లేదు. తెల్లారుజామున ఫిట్స్ వచ్చాయి. "గాలి సోకింది" అన్నారు ఇరుగుపొరుగు. ఆసుపత్రిలో నర్సమ్మ మాత్రం "ఏం బిళ్లలు వేసుకునేది?" అని అడిగింది.

ఆ బిళ్లల పేర్లు అల్‌ప్రజోలం, డయజిపాం, లోరజిపాం, క్లోనజిపాం. అట్ట మీద కంపెనీ పెట్టిన పేరు వేరే ఉండవచ్చు. ఇవి దిగులును, దడను తగ్గిస్తాయి. కొద్ది రోజులకు మంచి మందులే. వారాల తరబడి రోజూ వేసుకుంటే మెదడు వాటికి అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆపితే తట్టుకోలేదు.

తెలంగాణలో ఊళ్లకు ఊళ్లే ఈ బాధ పడ్డాయి. కొన్నిచోట్ల కల్లులో ఈ మందుల పొడి కలిపి అమ్మేవారు. 2015లో సర్కారు దాన్ని గట్టిగా అడ్డుకుంది. అలవాటు పడ్డవాళ్లకు ఆ కల్లు దొరకలేదు. నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎందరో వణుకుతో, ఫిట్స్‌తో ఆసుపత్రుల్లో చేరారు.

1992లో సారా పాటలను అడ్డుకున్నది మన నెల్లూరు ఆడవాళ్లే. సారా తాగితే వాసన వస్తుంది. బిళ్లకు వాసన లేదు. ఇంట్లోవాళ్లు కూడా కనిపెట్టలేరు. ఈ బిళ్ల, సారా రెండూ కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చు.

2014 మార్చి నుంచి ఒక నియమం ఉంది. అల్‌ప్రజోలం, డయజిపాం వంటివి అమ్మితే మన పేరు, డాక్టరు పేరు అంగడాయన పుస్తకంలో రాయాలి. అడగకుండా ఇస్తే తప్పు ఆయనదే.

అక్కకు డాక్టరు బిళ్లను కొద్దికొద్దిగా తగ్గించాడు. ముందు ఒకటిన్నర, తర్వాత ఒకటి, ఆ తర్వాత సగం. ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు గాలి లేచిన రాత్రి వదిన వచ్చి తోడు పడుకుంటుంది.

చదవండి: బిళ్ల, అట్ట, మత్తు, చీటీ, అలవాటు, అల్‌ప్రజోలం.

చెప్పండి: వదిన ఏం చేసి ఉండాల్సింది?

చేయండి: మీ ఇంట్లోని బిళ్లల అట్ట తీసుకురండి. దాని పేరు, ఎన్నాళ్లు వేసుకోవాలో నర్సమ్మను అడిగి తెలుగులో రాసుకోండి. మనసు బాగాలేకపోతే 14416కు ఫోను చేయవచ్చు. డబ్బులు పడవు. తెలుగులోనే మాట్లాడతారు.