రాని సైటే కాదు, వచ్చే సైటూ చూడండి

కర్నూలు జి. పుల్లారెడ్డి కాలేజీలో చదివినా, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివినా, బీటెక్ అయిపోగానే మన పిల్లలు చాలామంది బ్యాగు సర్దుకుని అమీర్‌పేట బస్సెక్కుతారు. నెట్‌వర్కింగ్ కోర్సు, హాస్టల్ గది, సీనియర్ ఎవరో ఇచ్చిన పాత నోట్సు. వెళ్లొద్దని చెప్పను. బస్సెక్కే ముందే ఇంట్లో కూర్చుని ఒక పని చేయండి. మీరు రాయబోయే పరీక్ష సిలబస్ సిస్కో సొంత సైటులో తెరిచి లైను లైనూ చదవండి.

రూటర్ ఫైర్‌వాల్ మీద యూఆర్‌ఎల్ ఫిల్టరింగ్ సంగతే చూడండి. పాత నోట్సుల్లో దానికి పేజీలకు పేజీలు ఉంటాయి. ఆ నోట్సు సీసీఎన్‌ఏ సెక్యూరిటీ కాలం నాటివి. ఆ పరీక్ష, 210-260, 2020 ఫిబ్రవరిలోనే ఆగిపోయింది. ఇప్పటి సీసీఎన్‌ఏ 200-301లో యాక్సెస్ లిస్టులు అడుగుతారు, ఈ ఫిల్టర్ అడగరు. యూఆర్‌ఎల్ ఫిల్టరింగ్ అన్న మాట సిలబస్‌లో కనిపించేది పై మెట్టు పరీక్ష 350-701లో. ఏ పరీక్షకు చదువుతున్నామో తెలియకుండా కష్టపడితే ఆ కష్టమంతా వృథా.

అయినా ఈ ఫిల్టర్‌ను ఒక్కసారైనా స్వయంగా పెట్టి చూడమంటాను. పని పూర్తయిందో లేదో ఎలా తేల్చుకోవాలో ఇది నేర్పినంత బాగా మరొకటి నేర్పదు.

పద్ధతి కష్టమేమీ కాదు. లోపలి నెట్‌వర్క్ ఒక జోన్, బయటి ఇంటర్నెట్ ఇంకో జోన్. ఆపాల్సిన సైట్ల పేర్లు ఒక పారామీటర్ మ్యాప్‌లో రాస్తాం. దాన్ని క్లాస్ మ్యాప్ పట్టుకుంటుంది. ఆ క్లాసు కనబడితే రీసెట్ కొట్టు, మిగతావి అలౌ చెయ్యి అని పాలసీ మ్యాప్ చెబుతుంది. ఈ పాలసీని హెచ్‌టీటీపీని తనిఖీ చేసే పెద్ద పాలసీలో తగిలించి, దాన్ని జోన్ పెయిర్‌కు కట్టాలి. సిస్కో సిమ్యులేటర్ ప్యాకెట్ ట్రేసర్‌లో జోన్ల వరకు సాధన చేయొచ్చు. 2911 రూటర్ తీసుకుంటే ముందు సెక్యూరిటీ లైసెన్సు ఆన్ చేసి రీలోడ్ చేయడం మరవొద్దు. ఫిల్టర్ దాకా వెళ్లాలంటే అసలు ఐఓఎస్ కావాలి. కాలేజీ ల్యాబ్‌లో పాత 1941 గానీ 2911 గానీ మూలన పడి ఉందేమో అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. అన్నీ కట్టి, ఆపిన సైటు పేరు బ్రౌజర్‌లో కొడతారు. పేజీ రాదు. పనైపోయిందని ల్యాప్‌టాప్ మూసేస్తారు. కానీ పెద్ద పాలసీలో హెచ్‌టీటీపీ ఒక్కటే రాసి డీఎన్ఎస్ రాయకపోతే ఏమవుతుంది? పేరు పెట్టని ట్రాఫిక్ అంతా క్లాస్ డిఫాల్ట్‌లోకి పోతుంది, అక్కడ డ్రాప్ అవుతుంది. సైటు పేరుకు ఐపీ చిరునామానే దొరకదు. అలాంటప్పుడు ఆపిన సైటే కాదు, ఏ సైటూ తెరుచుకోదు. ఫిల్టర్ దాకా ఒక్క ప్యాకెట్ కూడా రాలేదు, మనం మాత్రం ఫిల్టర్ పనిచేసిందని సంబరపడతాం.

అందుకే తెరుచుకోవాల్సిన సైటును ముందు కొట్టండి. అది వచ్చాక ఆపిన సైటును కొట్టండి. తర్వాత 'షో పాలసీ-మ్యాప్ టైప్ ఇన్‌స్పెక్ట్ జోన్-పెయిర్' ఇచ్చి, ఏ క్లాసులో అంకె పెరిగిందో కళ్లారా చూడండి. క్లాస్ డిఫాల్ట్ దగ్గర పెరుగుతుంటే మీ గెలుపు ఉత్తిదే. కేసీ కాలువకు సుంకేశుల దగ్గర నీళ్లు వదిలామని పుస్తకంలో రాసుకుంటే చాలదు కదా, కడప వైపు చివరి ఆయకట్టు తడిసిందా అన్నదే లెక్క.

ఇంకొకటి. ఈ ఫిల్టర్ హెచ్‌టీటీపీ మీద పనిచేసేది. ఇప్పుడు దాదాపు ప్రతి సైటూ హెచ్‌టీటీపీఎస్. డొమైన్ తర్వాత ఉండే దారి అంతా గుప్తీకరణలో దాగిపోతుంది, రూటర్ దాన్ని చదవలేదు. ఇంటర్వ్యూలో 'మరి హెచ్‌టీటీపీఎస్ సైటైతే?' అన్న ఒక్క ప్రశ్న దగ్గరే కమాండ్లు కంఠతా పట్టినవాళ్లు ఆగిపోతారు. చేసి చూసినవాళ్లు మాత్రం టీఎల్‌ఎస్ గురించి, దాన్ని విప్పి చూసే కొత్త ఫైర్‌వాళ్ల గురించి మాట కలుపుతారు.

పరీక్షలోంచి బయటికొచ్చిన ప్రశ్నల డంపుల జోలికి పోవద్దు. దొరికితే సిస్కో సర్టిఫికెట్ రద్దు చేస్తుంది. దొరకకపోయినా, మొదటి ఉద్యోగంలో రాత్రి షిఫ్టులో నెట్ ఆగిపోయిన రోజు ఆ బిట్లు మీకు అక్కరకు రావు. దానికి బదులు రోజూ సాయంత్రం జూనియర్ తమ్ముడినో చెల్లెలినో కూర్చోబెట్టుకుని, మీరు రాసిన ప్రతి లైనూ ఏం చేస్తుందో మన తెలుగులో చెప్పండి. ఎక్కడ నోరు తడబడితే అక్కడ మీకు అర్థం కాలేదన్నమాట, ఆ లైను మళ్లీ కట్టండి. తెలుగు మీడియంలో చదివామని వెనకడుగు వేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ముందు విషయం మన మాటలో పట్టుబడితే ఇంగ్లిష్ ప్రశ్న చదవగానే దాని వెనకున్న రూటర్ కళ్లముందు కదులుతుంది.

ఇంట్లో మాక్ టెస్టు పెట్టుకునేటప్పుడు కూడా ప్రశ్న దాటేశాక వెనక్కి రావొద్దు. సీసీఎన్‌ఏ 120 నిమిషాల పరీక్ష, దాటేసిన ప్రశ్నను మళ్లీ తెరవనివ్వరు. ఇప్పుడే అలవాటు చేసుకోండి.