ఏడాది పాప ఉన్న ఇంట్లో నమాజు, పాలు, ఇంటి పని

"పాప పుట్టినప్పటి నుంచి నా నమాజు నమాజులా లేదు" అనే మాట మన స్త్రీల ఇజ్తిమాలలో తరచూ వినిపిస్తుంది. పాపకు ఏడాది నిండే సమయంలో ఇది మరీ ఎక్కువ. అంతకు ముందైతే ఊయలలో పడుకోబెట్టి నాలుగు రకాతులు చేసుకోవచ్చు. ఇప్పుడు పాప గోడ పట్టుకుని నిలబడుతుంది, రెండడుగులు వేసి పడుతుంది. జానమాజ్ పరిచిందంటే అది తన కోసమే అనుకుంటుంది. తల్లి సజ్దాలోకి వెళితే వీపెక్కుతుంది, కూర్చుంటే ఒళ్ళో దూరుతుంది, దుపట్టా పట్టుకుని లాగుతుంది, తస్బీహ్ పూసలు నోట్లో పెట్టుకుంటుంది.

ఈ స్థితిలో కొందరు తల్లులు మొదట నమాజును వేళ చివరి దాకా వాయిదా వేస్తారు. తర్వాత ఒకటి రెండు ఖజా అవుతాయి. ఆ తర్వాత "పాప కాస్త పెద్దదయ్యాక మొదలుపెడదాంలే" అని మొత్తానికే వదిలేస్తారు. ఆ పాప పెద్దదయ్యేలోగా మరొకరు పుడతారు. ఇలా అయిదారేళ్ళ ఫర్జ్ నమాజులు పోగొట్టుకున్న సోదరీమణులు మన మధ్య ఉన్నారు. ఇంట్లోని వారు "నీ బట్టలు పాక్‌గా ఉండవు, నీ నమాజు ఏమవుతుంది?" అని ఎత్తిపొడుస్తారే గాని, "ఆ పది నిమిషాలు పాపను మేం ఎత్తుకుంటాం, నువ్వు వెళ్ళు" అనేవారు తక్కువ.

చంటిపిల్ల ఉన్నందువల్ల నమాజు మాఫీ కాదు. ఇందులో సందేహం లేదు. అయితే చంటిపిల్ల అడ్డుపడే నమాజు లోపభూయిష్టమైన నమాజు అనుకోవడం కూడా సరికాదు. ఎందుకంటే అలాంటి నమాజును స్వయంగా దైవప్రవక్త (సఅసం) ఆచరించారు, అదీ మస్జిదులో, ఇమాముగా నిలబడి!

హజ్రత్ అబూ ఖతాదా అన్సారీ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. దైవప్రవక్త (సఅసం) కుమార్తె హజ్రత్ జైనబ్ (రజి)కి, అబుల్ ఆస్‌కు పుట్టిన బిడ్డ ఉమామా. ఆ చిన్నారిని ఆయన ఎత్తుకునే నమాజు చేశారు. సజ్దాలోకి వెళ్ళేటప్పుడు కింద దించేవారు, లేచి నిలబడేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారు. ముస్లిం ఉల్లేఖనంలో ఆయన ప్రజలకు ఇమామత్ చేస్తుండగా ఇలా జరిగిందని స్పష్టంగా ఉంది. ఎత్తుకున్నది ఎవరో గమనించండి. తల్లి కాదు, తాతగారు. ఎత్తుకున్నది మనవడిని కాదు, మనవరాలిని. ఆడపిల్ల పుట్టిందంటే తండ్రి ముఖం నల్లబడే సమాజమది. దివ్య ఖుర్ఆన్ అన్నహ్ల్ సూరా 58, 59 ఆయతులు దాన్ని ఖండించాయి. ఆడపిల్లల పట్ల ఆ ఏవగింపును ప్రజల మనసుల్లోంచి తుడిచేయడానికే ఆయన అందరి ముందు అలా చేశారని కొందరు వ్యాఖ్యాతలు రాశారు.

మరో ఉల్లేఖనం నసాయీ గ్రంథంలో ఉంది. హజ్రత్ హసన్, హుసైన్ (రజి)లలో ఒకరు సజ్దాలో ఉన్న ఆయన వీపు మీదికెక్కారు. సజ్దా ఎంతసేపటికీ ముగియకపోయేసరికి, ఏదైనా జరిగిందేమో, వహీ అవతరిస్తున్నదేమో అని సహచరులు అనుకున్నారు. అదేమీ కాదనీ, మనవడు వీపెక్కాడనీ, వాడి ముచ్చట తీరకముందే దించేయడం తనకిష్టం లేకపోయిందనీ నమాజు తర్వాత ఆయన తెలియజేశారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంలోనైతే దీనికి విరుద్ధంగా కనిపించే విషయం ఉంది. దీర్ఘంగా నమాజు చేయించాలని మొదలుపెట్టి, వెనుక వరుసల్లో పసిబిడ్డ ఏడుపు వినగానే, తల్లి పడే ఆవేదన తెలిసినవారు గనుక నమాజును కుదించేవారు. ఒకచోట పొడిగింపు, ఒకచోట కుదింపు. రెండింటికీ కారణం పసిబిడ్డే!

ఇక హనఫీ ఫిఖా ప్రకారం తెలుసుకోవలసిన మసాయిల్ కొన్ని ఉన్నాయి. ఇవి తెలియకనే చాలామంది నమాజు వదిలేస్తున్నారు.

అన్నం తినే ఆడపిల్ల మూత్రం పడిన బట్టను కడగాలన్న విషయంలో ఇమాములందరిదీ ఒకే మాట. దానికోసం స్నానం చేయనక్కరలేదు, బట్టలన్నీ మార్చనక్కరలేదు. తడిసిన మేరకు మూడుసార్లు కడిగి పిండితే చాలు, లేదా పంపు ధార కింద బాగా కడగవచ్చు. పాప డైపర్ మార్చినంత మాత్రాన వుజూ పోదు. పాలు పట్టినా పోదు. పాప కొద్దిగా పాలు కక్కితే బట్ట అపవిత్రం కాదు. నోటి నిండా కక్కితే మాత్రం కడగాలి. నేల మీద, నేలకు అతికించిన బండల మీద మూత్రం పోసి అది పూర్తిగా ఆరిపోయి, మరకా వాసనా లేకపోతే అక్కడ నమాజు చేయవచ్చు. తివాచీ, పరుపు అలా కావు, వాటిని కడగవలసిందే.

పాప తనంతట తానే వచ్చి వీపెక్కి, మెడ పట్టుకుని కూర్చోగలిగితే, ఆమె డైపర్‌లో అపవిత్రత ఉన్నప్పటికీ అది తల్లి ఒంటికి, బట్టలకు అంటనంత వరకు నమాజు చెడదు. తల్లే ఎత్తి పట్టుకోవలసిన పసిగుడ్డు అయితే ఆ అపవిత్రతను తల్లి మోసినట్లే. కాబట్టి ఎత్తుకోవలసి వస్తుందనుకుంటే నమాజుకు ముందే డైపర్ మార్చేయడం మంచిది. దుపట్టా లాగి తల విప్పేస్తే వెంటనే కప్పుకోవాలి. అలా కప్పుకుంటే నమాజు కొనసాగుతుంది. మూడుసార్లు తస్బీహ్ పలికేంత సేపు తల పావు వంతు తెరచి ఉండిపోతే నమాజు తిరిగి చేయాలి. కాలేజీ అమ్మాయిలు వేసుకునే జారిపోయే దుపట్టా కంటే, మన పెద్దలు వాడే గుండీ ఉన్న పొడవాటి నమాజు చాదర్ ఈ వయసు పిల్ల ఉన్న తల్లికి ఎంతో నయం. దాన్ని పాపకు అందని కొక్కేనికి విడిగా తగిలించి ఉంచితే బట్టల పాకీ గురించిన బెంగ కూడా సగం తీరుతుంది. ఇంకొక విషయం చాలామందికి తెలియదు. తల్లి నమాజులో కూర్చున్నప్పుడు పాప రొమ్ము నోట్లో పెట్టుకుని పాలు తాగితే, పాలు వచ్చాయంటే నమాజు భంగమవుతుంది. అందుకే ముందు పాలు పట్టి, ఆ తర్వాతే నిలబడాలి.

పాప పొయ్యి వైపు, నీళ్ళ బకెట్ వైపు, మెట్ల వైపు వెళుతుంటే? నమాజు తెంపి పాపను కాపాడాలి. అది అనుమతి మాత్రమే కాదు, ప్రాణాపాయమైతే విధి కూడా. చిన్న బకెట్టులోని నీళ్ళు కూడా ఈ వయసు పిల్లకు ప్రమాదకరమే. నమాజును తర్వాత మొదటి నుంచి చేసుకోవచ్చు.

ఇక ఇంటి మగవారితో రెండు మాటలు. దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఏం చేసేవారని అస్వద్ అనే తాబయీ హజ్రత్ ఆయిషా (రజి)ని అడిగారు. ఆయన ఇంటివారి పనుల్లో నిమగ్నులై ఉండేవారనీ, నమాజు వేళ కాగానే బయలుదేరేవారనీ ఆమె తెలిపారు. ఇది బుఖారీలో ఉంది. మనం ఈ హదీసులోని రెండో భాగాన్ని పట్టుకుని మొదటి భాగాన్ని వదిలేశాం. మగ్రిబ్‌కు మస్జిదుకు వెళ్ళి జమాఅత్‌తో నమాజు చేసి, బయట టీ కొట్టు దగ్గర ఇషా దాకా గడిపే భర్త, ఇంట్లో భార్య మగ్రిబ్ నమాజు వేళ జారిపోతోందని ఎరుగడు. మగ్రిబ్ వేళ చాలా తక్కువ. ఆయన నమాజు నుంచి నేరుగా ఇంటికి వచ్చి పాపను పది నిమిషాలు ఎత్తుకుంటే ఆమె ఫర్జ్, సున్నత్ రెండూ నెరవేరతాయి. భర్త గల్ఫ్‌లో ఉంటే ఆ పని తాతగారిది, దాదీది, మరిదిది. తనకు పదిమంది పిల్లలున్నా ఏనాడూ ఎవరినీ ముద్దు పెట్టుకోలేదని గొప్పగా చెప్పుకున్న అఖ్రా బిన్ హాబిస్‌తో, కరుణ చూపనివారిపై కరుణ చూపబడదని ఆయన హెచ్చరించారు. మగవాడు పసిపిల్లను ఆడించడం చిన్నతనం అనుకునేవారు ఆ హెచ్చరికను తమకు వర్తింపజేసుకోవాలి.

ఇక పాల సంగతి. ఏడాది నిండగానే మన ఇళ్ళల్లో మొదలయ్యే ఒత్తిడి ఇది. "ఇంకా ఎన్నాళ్ళు పాలిస్తావు? మాన్పించు, ఈసారి మగపిల్లాడు కలుగుతాడు" అంటారు. రొమ్ముకు వేపాకు ముద్ద రాసి ఒక్కరోజులో మాన్పించేవారు, పాపను వారంపాటు నానీ ఇంటికి పంపేసేవారు ఉన్నారు. బాబు అయితే రెండేళ్ళు, పాప అయితే ఏడాది చాలనే లెక్క కూడా కొన్నిచోట్ల నడుస్తోంది. ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో అల్లాహ్‌కే తెలుసు. ఖుర్ఆన్‌లో మాత్రం లేదు. అల్ బఖరా సూరా 233వ ఆయతు పాలగడువును రెండు నిండు సంవత్సరాలుగా పేర్కొన్నది. అక్కడ కొడుకు, కూతురు అనే తేడా లేదు. ఈ సంవత్సరాలు హిజ్రీ లెక్కవి. ఇంగ్లీషు క్యాలెండర్ ప్రకారం చూస్తే రెండేళ్ళకు సుమారు 22 రోజుల ముందే గడువు పూర్తవుతుంది.

ఆ ఆయతులో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయం మరొకటి ఉంది. రెండేళ్ళ లోపే మాన్పించాలంటే భార్యాభర్తలిద్దరూ ఇష్టపడాలి, ఇద్దరూ సంప్రదించుకోవాలి. రాజ్యపాలన విషయంలో ఖుర్ఆన్ ఏ షూరా గురించి చెప్పిందో, ఒక పసిపిల్ల పాలు మాన్పించే విషయంలోనూ అదే సంప్రదింపును కోరింది. అత్తగారి సలహా వినవచ్చు, అనుభవం గలవారు. కాని నిర్ణయం ఆమెది కాదు. భర్త ఒక్కడిదీ కాదు. బిడ్డ మూలంగా తల్లిని బాధించరాదని కూడా ఆ ఆయతులోనే ఉంది. గల్ఫ్‌లో ఉన్న భర్త ఫోనులోనైనా "నీ ఒంట్లో ఎలా ఉంది? పాప అన్నం సరిగా తింటోందా? నీ అభిప్రాయమేమిటి?" అని అడగడం ఈ ఆయతును ఆచరించడమే.

పాలిచ్చే తల్లి గర్భవతి అయితే ఆ పాలు విషమవుతాయనే మాట అరబ్బుల్లోనూ ఉండేది. దైవప్రవక్త (సఅసం) దాన్ని నిషేధించాలని తలచి, రోమనులు, పర్షియన్లు అలా చేస్తున్నా వారి పిల్లలకు హాని కలగడం లేదని గమనించి నిషేధించలేదు. జుదామా బిన్తె వహబ్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు ముస్లింలో ఉంది. ఆరోగ్యవంతురాలైన గర్భిణి పాలిస్తే సాధారణంగా హాని లేదని నేటి వైద్యులూ అంటున్నారు. బలహీనంగా ఉన్నవారు, గర్భస్రావం భయం ఉన్నవారు డాక్టరమ్మను అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆరు నెలల నుంచి ఇతర ఆహారం మొదలుపెట్టి, రెండేళ్ళు, ఆ పైన కూడా తల్లిపాలు కొనసాగించమంటోంది. పాప పాలగడువు పూర్తికావాలనే ఉద్దేశంతో తదుపరి కాన్పుకు తాత్కాలికంగా ఎడం పాటించడం భార్యాభర్తల అంగీకారంతో ధర్మసమ్మతమే.

మొదటి పుట్టినరోజుకు ఫంక్షన్ హాలు, కేకు, అప్పు చేసి విందు గురించి ఎక్కువ రాయనవసరం లేదు. దానికి సున్నత్‌లో ఆధారం లేదు. పేదరికం వల్ల ఏడో రోజున అఖీఖా చేయలేకపోయినవారు, ఇప్పుడు స్తోమత కలిగితే ఆ డబ్బుతో ఒక మేకను అఖీఖా ఇవ్వడం మేలు.

రమజాన్ వస్తే ఉపవాసం సంగతి అడుగుతారు. ఏడాది పాప కిచిడీ, పప్పన్నం తింటూ, తల్లి ఉపవాసముంటే ఇబ్బంది పడకుండా ఉంటే ఉపవాసం పాటించాలి. పాలు తగ్గి పాప నీరసిస్తుందన్న భయం అనుభవం వల్ల గాని, డాక్టరమ్మ మాట వల్ల గాని కలిగితే విడిచిపెట్టవచ్చు. హనఫీ ఫిఖాలో దానికి ఫిద్యా సరిపోదు, తర్వాత ఖజా ఉండాలి. వరుసగా ఉండనక్కరలేదు, చలికాలంలో పగలు చిన్నవిగా ఉన్నప్పుడు వారానికి ఒకటి రెండు చొప్పున తీర్చుకోవచ్చు. ఎన్ని ఉపవాసాలు పోయాయో ఈద్ నాడే గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. పాప రెండో ఏడు నిండేసరికి ఆ లెక్క ఎవరికీ గుర్తుండదు.