స్నిక్ : ఒక విద్యార్థి సంఘం తిరిగి లేచిన ఏడాది

ఆరంభశూరత్వం అనే మాటను మన తెలుగువాళ్లకే అంటగడుతుంటారు గానీ, సంఘం పెట్టుకున్న విద్యార్థులు ఎక్కడివాళ్లైనా ఆ మాట పడక తప్పదు. మొదటి ఏడు బ్యానర్లు, ఉపన్యాసాలు. రెండో ఏడు వచ్చేసరికి రసీదు పుస్తకం ఎవరి దగ్గర ఉందో కూడా తెలియదు. నేను ఎం.ఎ.లో అమెరికా పౌరహక్కుల ఉద్యమం చదువుకున్నాను. ఆ పాఠంలో అందరికీ గుర్తుండేది మార్టిన్ లూథర్ కింగ్ గారి ఉపన్యాసం. నాకు మాత్రం ఇంచుమించు మన వయసువాళ్లు నడిపిన ఒక చిన్న సంఘం గుర్తుండిపోయింది. అది రెండో ఏట కూలబడకుండా ఎలా లేచి నిలబడిందో మన హాస్టల్ చెల్లెళ్లకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

1960 ఫిబ్రవరి 1న నార్త్ కరోలినా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరో పట్టణంలో నలుగురు నల్లజాతి కాలేజీ విద్యార్థులు వూల్‌వర్త్ అనే దుకాణంలోకి వెళ్లారు. తెల్లవాళ్లకు మాత్రమే కేటాయించిన ఫలహారాల బల్ల దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. దుకాణం వాళ్లు ఇవ్వలేదు, వీళ్లు లేవలేదు. రెండు గ్లాసుల పద్ధతి గురించి విన్న మనకు దీన్ని వేరే వివరించనక్కరలేదు. కొద్ది వారాల్లోనే ఈ ‘సిట్-ఇన్’లు దక్షిణ రాష్ట్రాల్లో చాలా చోట్లకు పాకాయి. ఏప్రిల్‌లో ఎల్లా బేకర్ అనే 56 ఏళ్ల ఉద్యమకారిణి కింగ్ గారి సంస్థ నుంచి 800 డాలర్లు ఖర్చుకు తీసుకుని, రాలీ నగరంలోని షా విశ్వవిద్యాలయంలో ఈ విద్యార్థులందరినీ ఒకచోట చేర్చారు. పెద్దల సంస్థకు యువజన శాఖగా ఉండమన్నవాళ్లు ఉన్నారు. ఆవిడ మాత్రం మీ సంఘం మీరే నడుపుకోండి అన్నారు. అలా పుట్టిందే ‘స్టూడెంట్ నాన్‌వయలెంట్ కోఆర్డినేటింగ్ కమిటీ’, అంటే విద్యార్థి అహింసా సమన్వయ సంఘం. అందరూ పొట్టిగా ‘స్నిక్’ అనేవారు.

పేరు పెద్దది, ఇల్లు చిన్నది. అట్లాంటాలో కింగ్ గారి సంస్థ ఆఫీసులో ఒక మూల స్నిక్ ఆఫీసు. జీతం మీద పనిచేసేది ఒక్కరే. ఊరూరా ఉన్న విద్యార్థి సంఘాలకు ఉత్తరాలు రాయడమే ప్రధానమైన పని. సిట్-ఇన్‌ల వేడి తగ్గాక ఆ పని కూడా సన్నగిల్లింది. 1961 మే నెలలో ‘ఫ్రీడమ్ రైడ్స్’ వచ్చి మళ్లీ కదలిక తెచ్చాయి. బస్సుల్లో నలుపు, తెలుపు కలిసి కూర్చుని ప్రయాణించినందుకు ఆ ఎండాకాలం మూడు వందల మందికి పైగా మిసిసిపీ రాష్ట్రంలో అరెస్టయ్యారు. చాలామందిని పార్చ్‌మన్ జైల్లో పెట్టారు. బయటికొచ్చినవాళ్లలో కొందరు ఇక కాలేజీకి వెళ్లకుండా ఉద్యమంలోనే ఉండిపోతామన్నారు.

ఉండి ఏం చేయాలి? ఆగస్టులో టెన్నెసీలోని హైలాండర్ అనే జానపద పాఠశాలలో కూర్చున్నప్పుడు సంఘం రెండుగా చీలిపోయే స్థితి వచ్చింది. కొందరు ఓటర్ల నమోదు పని చేద్దామన్నారు. కెనెడీ ప్రభుత్వం కూడా అదే కోరుతోంది, దానికి విరాళాలూ వస్తాయి. డయాన్ నాష్ వంటివాళ్లు దీన్ని అనుమానించారు. మనల్ని వీధుల్లోంచి తప్పించడానికే ప్రభుత్వం ఓటు మాట ఎత్తుతోందని వాళ్ల వాదన. నాకైతే ఆ అనుమానం న్యాయమైనదే అనిపిస్తుంది. మామూలుగా తగవుల్లో తలదూర్చని ఎల్లా బేకర్ అప్పుడు కల్పించుకుని, రెండు శాఖలు పెట్టుకోండి అన్నారు. ప్రత్యక్ష పోరాటానికి డయాన్ నాష్, ఓటర్ల నమోదుకు చార్లెస్ జోన్స్ బాధ్యులయ్యారు. నెల తిరగకముందే ఆ తేడా లేకుండా పోయింది. మిసిసిపీలో ఓటరుగా నమోదు కావడానికి వెళ్లినా సిట్-ఇన్‌లో తిన్న దెబ్బలే తినాల్సి వచ్చింది.

ఎందుకో అర్థం కావాలంటే అక్కడి చట్టం తెలియాలి. నమోదు కావాలంటే మిసిసిపీ రాష్ట్ర రాజ్యాంగంలోని 285 సెక్షన్లలో రిజిస్ట్రార్ ఏది చూపిస్తే దాన్ని రాసి, అర్థం చెప్పాలి. చెప్పింది సరైనదో కాదో తేల్చేది ఆయనే. ఆయన తెల్లవాడు. 1960ల మొదట్లో ఆ రాష్ట్రంలో ఓటు వయసు వచ్చిన నల్లవాళ్లలో నమోదైనవాళ్లు నూటికి ఏడుగురు కూడా లేరు. ఇది చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. అమ్మ ఇప్పటికీ వేలిముద్ర వేస్తుంది. కానీ ప్రతి ఎన్నికకూ పొద్దున్నే వెళ్లి క్యూలో నిలబడుతుంది. పోలింగ్ కేంద్రంలో ఎవరూ ఆమెను ఏదైనా చదివి వినిపించమని అడగలేదు. చదువు రానివాళ్లకు కూడా ఓటుండాలని అంబేడ్కర్ గారు 1928లోనే సైమన్ కమిషన్ ముందు వయోజన ఓటుహక్కు కోరారు. 326వ అధికరణం అమ్మకు ఇచ్చింది ఆ హక్కునే.

ఇక మిసిసిపీకి వద్దాం. హార్వర్డ్‌లో తత్వశాస్త్రం చదివి, న్యూయార్క్‌లో లెక్కల మాస్టారుగా చేసిన బాబ్ మోజెస్ 1961 ఆగస్టులో మెకోంబ్ అనే పట్టణంలో ఓటర్ల బడి పెట్టారు. ఆ దరఖాస్తు ఎలా నింపాలో రైతులకు నేర్పడమే ఆ బడిలో పాఠం. నమోదుకు మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్లినందుకు ఆయన తల పగలగొట్టారు. సెప్టెంబరు 25న ఆ పనికి తోడ్పడిన హెర్బర్ట్ లీ అనే రైతును రాష్ట్ర శాసనసభ్యుడొకడు పట్టపగలు కాల్చి చంపాడు. లీ తొమ్మిది మంది పిల్లల తండ్రి. మర్నాటికల్లా ఆ శాసనసభ్యుడు నిర్దోషి అని తేల్చేశారు. అక్టోబరులో హైస్కూలు పిల్లలు నూరుమందికి పైగా ఊరేగింపు తీస్తే, వాళ్లలో చాలామందికి బడి లేకుండా పోయింది. స్నిక్ వాళ్లే ఆ పిల్లలకు పాఠాలు చెప్పారు. చివరికి స్నిక్ వాళ్లను జైల్లో పెట్టారు. ఏడాది ముగిసేసరికి మెకోంబ్ వదలాల్సి వచ్చింది.

లెక్క చూస్తే ఓటమే. కానీ సంఘం కొత్తరూపం తీసుకున్నది అప్పుడే. జేమ్స్ ఫోర్మన్ అనే చికాగో ఉపాధ్యాయుడు ఆ శరదృతువులో కార్యనిర్వాహక కార్యదర్శిగా వచ్చి, ఆఫీసును ఆఫీసులా చేశారు. ఊళ్లలో పనిచేసేవాళ్లంతా నివేదికలు రాసి పంపాలి. ఎవరు జైల్లో ఉన్నారు, ఎవరికి బెయిలు కావాలి, డబ్బు ఎక్కణ్నుంచి రావాలి, అన్నీ కాగితం మీద ఉండాలి. ఇది ఎవరూ పాట కట్టని పని. ఊళ్లలో ఉండేవాళ్లను ‘ఫీల్డ్ సెక్రటరీలు’ అనేవారు. వాళ్ల జీతం వారానికి 10 డాలర్లు, అదీ వచ్చినప్పుడు. ఉండేది ఊరివాళ్ల ఇళ్లలో, తినేది వాళ్లు పెట్టింది. 1961 చివర్లో వీళ్లు సుమారు 16 మంది. 1964 నాటికి సుమారు 150 మంది అయ్యారు.

1962 వేసవిలో మిసిసిపీ డెల్టా పత్తి ప్రాంతానికి వెళ్లారు. ఆగస్టు 31న 18 మంది ఒక పాత బస్సులో ఇండియనోలాకు నమోదుకు బయలుదేరారు. వాళ్లలో ఫ్యానీ లూ హేమర్ ఒకరు. 44 ఏళ్లు, ఇరవై మంది సంతానంలో ఆఖరిది. ఆరేళ్ల వయసు నుంచి పత్తి ఏరింది. పరీక్షలో ఫెయిల్ చేశారు. తిరుగు దారిలో బస్సు మరీ పసుపుగా ఉందని పోలీసులు జరిమానా వేశారు. బస్సులో భయపడుతున్నవాళ్లకు ఆమె భజన పాటలు పాడి ధైర్యం చెప్పింది. ఇల్లు చేరేసరికి భూస్వామి కబురు సిద్ధంగా ఉంది: దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదా ఇల్లు ఖాళీ చెయ్యి. ఆ రాత్రే ఆమె ఇల్లు వదిలింది. 1963 జనవరిలో పరీక్ష నెగ్గింది, ఆ తర్వాత తానూ ఒక ఫీల్డ్ సెక్రటరీ అయింది. స్నిక్ ఎదుగుదల అంటే నా దృష్టిలో ఇదే. విద్యార్థులు పెట్టిన సంఘంలోకి పెద్దగా చదువుకోని కూలీ మనిషి వచ్చి నాయకురాలయింది.

ఆ చలికాలం లెఫ్లోర్ కౌంటీ అధికారులు పేదలకిచ్చే కేంద్ర ప్రభుత్వ ఆహారం ఆపేశారు. ఓటు అడిగినందుకు శిక్ష అది. స్నిక్ వాళ్లు దేశమంతా అడిగి తిండి, బట్టలు తెప్పించి పంచారు. భయపడతారనుకున్న జనం నమోదుకు ఇంకా ఎక్కువగా వచ్చారు. తర్వాతి సంగతులు పుస్తకాల్లో విస్తారంగా ఉన్నాయి: 1964 ఫ్రీడమ్ సమ్మర్, 1965 ఆగస్టు 6న ఓటింగ్ హక్కుల చట్టం. 1967 నాటికి మిసిసిపీ నల్లజాతి వయోజనుల్లో నూటికి దాదాపు అరవై మంది ఓటర్లు.

స్నిక్ శాశ్వతంగా నిలవలేదు. 1966 తర్వాత లోపలి తగాదాలతో క్షీణించి, 1970ల మొదటికల్లా మూతపడింది. కానీ 1966లో అలబామాలోని లౌండ్స్ కౌంటీలో స్నిక్ సాయంతో పెట్టిన పార్టీకి నల్లచిరుత గుర్తు పెట్టారు. చదువు రానివాళ్లు బ్యాలెట్ మీద గుర్తుపట్టాలి కదా, మన చేయి, సైకిల్ గుర్తుల్లాగే. ఆ చిరుత ఓక్లాండ్‌కు వెళ్లి బ్లాక్ పాంథర్ పార్టీ అయింది. ఆ పేరు చూసే 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్ తదితరులు దళిత్ పాంథర్స్ పెట్టారు. బాబ్ మోజెస్ 1982 నుంచి పేదపిల్లలకు బీజగణితం నేర్పే పని పెట్టుకుని, 2021లో చనిపోయేదాకా అందులోనే ఉన్నారు. లెక్కలంటే భయపడే చెల్లెళ్లు గమనించగలరు.

మన దగ్గర ఫారం-6 ఒక్కటే. 17 ఏళ్లు నిండినవాళ్లు ముందుగానే పెట్టుకోవచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో 18 ఎప్పుడు నిండితే అప్పుడు జాబితాలో పేరు వస్తుంది. ఇంటి చిరునామాతోనైనా సరే, హాస్టల్ చిరునామాతోనైనా సరే, ఏదో ఒక్కచోటే పెట్టాలి. హాస్టల్ చిరునామాకైతే కాలేజీ నుంచి బోనఫైడ్ సర్టిఫికెట్ తీసుకోవాలి.