సెల్లారు మురుగు పంపు: బిగింపు, సంరక్షణ

మురుగునీరు పల్లానికే పారుతుంది. మన ఊళ్ళలో మరుగుదొడ్డి పైన, సెప్టిక్ ట్యాంకు కింద ఉంటాయి కనుక మోటారుతో పని లేదు. పట్నంలో అలా కాదు. అపార్ట్‌మెంటు కింద సెల్లారు తవ్వుతారు. అందులో వాచ్‌మన్ గది, డ్రైవర్ల బాత్రూం కడతారు. రోడ్డు మీది డ్రైనేజీ లైను వాటికంటే ఎత్తున ఉంటుంది. కాబట్టి సెల్లారు మురుగును ముందుగా ఒక గుంటలో చేర్చి, అక్కడినుండి మోటారుతో పైకి ఎక్కించాలి. ఈ మోటారును ఇంగ్లీషులో సీవేజ్ ఎజెక్టర్ పంప్ అంటారు. దుకాణంలో సీవేజ్ మోటారు అని అడిగితే చాలు, ఇస్తారు.

ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్, ప్లంబర్, ఫిట్టర్ ట్రేడులు చదువుతున్న తమ్ముళ్ళకు ఈ పని ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ఉద్యోగాల్లో స్థిరపడి ఫ్లాట్లు కొనుక్కున్న మన పూర్వ విద్యార్థులకు అసోసియేషన్ సభ్యులుగా ఎదురవుతుంది. రేపు ఏ రిపేరు వచ్చినా ఒక్క మనిషి కూడా గుంటలోకి దిగే అవసరం రాకుండా మోటారు బిగించడమే ఈ పనిలో అసలు విద్య.

ముందు మోటారు ఎంపిక. మంచినీటి సంపులో వాడే మోటారు ఇక్కడ పనికిరాదు. దాని ఇంపెల్లర్ సందులు ఇరుకు. సీవేజ్ మోటారు 50 మిల్లీమీటర్ల దాకా గట్టి పదార్థాన్ని దాటించగలదు. కటర్ ఉన్న రకాలు ముక్కలు చేసి పంపుతాయి. కొనేటప్పుడు చాలామంది హెచ్.పి. చూస్తారు, లేదా రేకు మీద రాసిన గరిష్ఠ హెడ్ చూస్తారు. గరిష్ఠ హెడ్ 10 మీటర్లు అంటే ఆ ఎత్తుకు చేరేసరికి చుక్క నీరు కూడా బయటకు రాదని అర్థం. మనకు కావలసిన లెక్క వేరు. గుంటలో నీటి మట్టం నుండి పైపు అత్యధిక ఎత్తు వరకు 4 మీటర్లు ఉందనుకోండి. వంపులకు, వాల్వులకు, పైపు రాపిడికి సుమారు 1 మీటరు కలపండి. ఆ 5 మీటర్ల దగ్గర నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తాయో కంపెనీ పట్టికలో చూడాలి.

పైపు పెద్దదైతే మంచిదనుకోవడం కూడా పొరపాటే. పైపులో మురుగు సెకనుకు కనీసం 0.6 మీటరు వేగంతో కదలాలి. లేకపోతే మడ్డి పైపులోనే పేరుకుపోతుంది. లోపలి వ్యాసం 50 మి.మీ. ఉన్న పైపులో ఈ వేగానికి నిమిషానికి 71 లీటర్లు చాలు. 75 మి.మీ. పైపుకు దాదాపు 160 లీటర్లు కావాలి. చిన్న మోటారుకు పెద్ద పైపు తగిలిస్తే ఆరు నెలల్లో పైపు మూసుకుపోయిందని ఫోను వస్తుంది.

గుంట గుండ్రంగా, 60 సెంటీమీటర్ల వ్యాసంతో ఉందనుకుందాం. అందులో నీరు 1 సెం.మీ. పెరిగితే 2.8 లీటర్లు చేరినట్లు. ఫ్లోట్ స్విచ్ మోటారును వేసే మట్టానికి, ఆపే మట్టానికి మధ్య 30 సెం.మీ. ఉంచితే ఒక్కో విడతకు 85 లీటర్లు పోతాయి. ఈ తేడా మరీ తగ్గిస్తే మోటారు మాటిమాటికీ వేసి ఆపినట్లయి కాయిల్ వేడెక్కుతుంది. ఫ్లోటు గోడకు గాని, పైపుకు గాని తగలకుండా స్వేచ్ఛగా ఊగాలి. గుంట అడుగు మోటారు వైపుకు వాలుగా ఉండాలి.

బిగింపులో నేను పట్టుబట్టే విషయం ఒకటుంది. ఎన్.ఆర్.వి., గేట్ వాల్వు, యూనియన్ మూడూ గుంట బయట, నిలబడిన మనిషి చేతికి అందే చోట ఉండాలి. వీటిని గుంట అడుగున బిగించి సిమెంటు చేసి వెళ్ళిపోయేవారు ఉన్నారు. ఆ ఎన్.ఆర్.వి. పట్టేసిన రోజున దిగేది బిగించినవాడు కాదు, వాచ్‌మన్ తమ్ముడో, అడ్డా మీద నుండి తెచ్చిన కూలీయో. మోటారుకు తుప్పు పట్టని గొలుసు కట్టి, దాని కొస మూత దగ్గర కొక్కేనికి తగిలించాలి. కరెంటు వైరు పట్టుకొని మోటారు లాగకూడదు.

మోటారుకు, ఎన్.ఆర్.వి.కి మధ్య గాలి చిక్కుకుంటే మోటారు తిరుగుతుంది గాని నీరు ఎక్కదు. అందుకని మోటారు పైన, గుంట లోపలి పైపుకు 5 మి.మీ. రంధ్రం వేయాలి. కొన్ని మోటార్లకు ఇది ముందే ఉంటుంది. ఆ రంధ్రం నుండి నీరు చిమ్మితే లీకేజీ అనుకొని ఎంసీల్ పెట్టకండి. పైకి ఎక్కే పైపును రోడ్డు మట్టం కంటే ఎత్తుకు తీసుకెళ్ళి, వంచి, ఆ తరువాతే డ్రైనేజీ లైనుకు కలపాలి. వానాకాలం రోడ్డు లైను నిండినప్పుడు ఆ నీరు సెల్లారులోకి ఎదురు రాదు. మూతకు రబ్బరు వేసి గాలి చొరకుండా బిగించాలి. గుంట నుండి డాబా పైదాకా గాలి గొట్టం వేయాలి.

కరెంటుకు విడి లైను, ఎం.సి.బి., 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి., సరైన ఎర్తింగ్ తప్పనిసరి. గుంటలో వైరు జాయింటు ఉండరాదు. త్రీఫేజ్ మోటారులో రెండు ఫేజులు తారుమారైతే అది వెనక్కు తిరుగుతుంది. చప్పుడు మామూలుగానే ఉంటుంది, నీరు మాత్రం సరిగా రాదు. పై మట్టంలో ఇంకొక ఫ్లోటు పెట్టి గంటకు కలిపితే, మోటారు ఆగిన సంగతి మురుగు పొంగక ముందే తెలుస్తుంది. పెద్ద భవనాల్లో రెండు మోటార్లు ఉండాలి. గేటుకు గ్రానైటు వేయించిన అసోసియేషన్లే రెండో మోటారు కొనడానికి ఏడాది ఆలోచిస్తాయి!

ఇక విషవాయువు సంగతి. మురుగు కుళ్ళినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. ఇది గాలికంటే బరువు కనుక గుంట అడుగున నిలుస్తుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. పది లక్షల పాళ్ళలో 100 పాళ్ళకు చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. 700, 1000 పాళ్ళయితే కొద్ది ఊపిరులకే మనిషి కూలిపోతాడు. వాసన లేదు కదా అని దిగినవారు పోయింది ఇలాగే. మడ్డిని కదిలిస్తే అందులో దాగిన వాయువు ఒక్కసారిగా పైకి లేస్తుంది. మీథేన్ కూడా ఉంటుంది కనుక అగ్గిపుల్ల వెలిగించి చూడడం మరీ ప్రమాదం. గుంటలో యాసిడ్ పోస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా ఎక్కువ వెలువడుతుంది.

2015 నవంబరులో కేరళలోని కోజికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు ఆంధ్ర కార్మికులు ఊపిరాడక పడిపోయారు. ఒక ఆటో డ్రైవరు వారిని కాపాడబోయి లోపలికి దిగాడు. ముగ్గురూ చనిపోయారు. 2016 ఆగస్టులో హైదరాబాదు మాదాపూర్‌లో ఒకే మ్యాన్‌హోల్ నలుగురిని బలిగొంది. ఎవరైనా లోపల పడితే వెంట దిగకండి. 101కి, 108కి ఫోను చేయండి. బయటినుండే బ్లోయరుతో గాలి పంపండి.

రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులో, మురుగు కాలువలో దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే 2 ఏళ్ళ వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇలా చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. మన బస్తీల్లో, మన చుట్టాల్లో ఈ పనికి వెళ్ళేవారికి ఈ సంగతి చెప్పండి. పని చేయించినవారు చేతిలో 50 వేలు పెట్టి పంపించేస్తామంటే కుటుంబం తెలియక ఊరుకుంటుంది.

నిర్వహణ కష్టం కాదు. నెలకొకసారి నాలుగైదు బకెట్ల నీరు పోసి, మోటారు సరైన మట్టంలో వేస్తోందా, ఆపుతోందా చూడాలి. ఆరు నెలలకొకసారి ఎం.సి.బి. దించి, దానిపై 'పని జరుగుతోంది' అని చీటీ అంటించి, గేట్ వాల్వు మూసి, యూనియన్ విప్పి, గొలుసుతో మోటారును బయటకు లాగాలి. మూత తీసిన కాసేపు ముఖం పక్కకు పెట్టుకోండి. పైపుతో కడిగి, ఇంపెల్లరుకు చుట్టుకున్న గుడ్డపేలికలు, శానిటరీ ప్యాడ్లు తీసేయాలి. ఫ్లోటుకు అంటిన జిడ్డు తుడవాలి. ఆయిల్ పాలలా తెల్లబడితే సీలు పోయి నీరు చేరినట్లే, మోటారును షాపుకు పంపాలి. అడుగున మడ్డి గట్టిపడితే సక్షన్ ట్యాంకరును పిలిపించి, గొట్టం పైనుండే వదిలి లాగించాలి. కరెంటు పోయినప్పుడు మోటారు జనరేటరు మీద నడిచే ఏర్పాటు లేకపోతే, సెల్లారు బాత్రూం నల్లా అప్పటివరకు కట్టేయమని వాచ్‌మన్ ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.